అల్లూరి సీతారామరాజు – మన్యం దాచుకున్న సాక్ష్యం

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పేరు తెలియని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. ఆగస్టు పదిహేనుకి ఏకపాత్రాభినయం అంటే ముందుగా గుర్తుకొచ్చేది ఆయనే. కాషాయం పంచె, గడ్డం, చేతిలో విల్లు ఉంటే చాలు, చిన్న తరగతి తమ్ముడైనా స్టేజీ మీద సీతారామరాజు అయిపోతాడు. 1974లో వచ్చిన కృష్ణ గారి సినిమాని మన తాతలు థియేటర్లో చూశారు, మన నాన్నలు టీవీలో చూశారు, మనం ఫోన్లలో చూస్తున్నాం. ఆ సినిమాలో గుండు తగిలి వీరుడు నేలకొరిగితే కథ ముగుస్తుంది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని లేస్తారు.

ఆ తర్వాత ఆ దేహం ఏమైంది? ఎవరు మోశారు? చనిపోయింది ఆయనే అని ఎవరు చెప్పారు? జనం దాన్ని నమ్మారా? ఆయనతోపాటు చనిపోయిన గిరిజన వీరుల సమాధులు ఎక్కడున్నాయి? మాలో కొందరం మానవశాస్త్రంలో పీజీ చేస్తున్నాం. ఎముకని చూసి మనిషి వయసు, ఎత్తు, దెబ్బ తగిలిన తీరు ఎలా తెలుసుకోవాలో క్లాసులో నేర్చుకుంటున్నాం. అందుకే ఈ ప్రశ్నలు మాకు తట్టాయి. తెలిసిన జీవితాన్ని మరోసారి చెబుతూ, ఈ ప్రశ్నల దగ్గర కాసేపు ఆగుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

బాల్యం – చదువు

సీతారామరాజు 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టారు. అది అమ్మమ్మగారి ఊరు. ఇప్పుడు పద్మనాభం మండలంలో ఉంది. తల్లి సూర్యనారాయణమ్మ గారు, తండ్రి వెంకట రామరాజు గారు. తండ్రిగారి వైపు వాళ్లది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. తండ్రి రాజమండ్రిలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. ఈ విషయం గుర్తుంచుకోండి, ఫొటో ప్రస్తావన మళ్లీ వస్తుంది.

1908లో తండ్రి చనిపోయారు. అప్పటికి సీతారామరాజుకి పదకొండేళ్లు. తమ్ముడు సత్యనారాయణరాజు, చెల్లెలు సీతమ్మ ఇంకా చిన్నవాళ్లు. పినతండ్రి రామకృష్ణంరాజు గారు చేరదీశారు. తండ్రి లేని పిల్లవాడి చదువు ఎలా సాగుతుందో మనలో చాలామందికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక ఊళ్లో కొన్నాళ్లు, ఇంకో ఊళ్లో కొన్నాళ్లు. భీమవరం, నరసాపురం, కాకినాడ, తుని అంటూ బడులు మారుతూ వచ్చారు. కాకినాడలో ఉన్నప్పుడు స్నేహితుడైన మద్దూరి అన్నపూర్ణయ్య గారు తర్వాతి కాలంలో పేరున్న స్వాతంత్ర్య సమరయోధుడయ్యారు.

ఆ తిరుగుడులో విశాఖపట్నం కూడా ఉంది. ఇక్కడి మిసెస్ ఏవీఎన్ కాలేజీలో సీతారామరాజు కొంతకాలం చదివారు. మన హాస్టల్ నుంచి పూర్ణా మార్కెట్ దాటి నడిస్తే వచ్చే ఆ కాలేజీయే. ఉల్లిపాయల బస్తాలు, అరటి గెలల బళ్లు, కలాసీల కేకల మధ్య నుంచి మనం రోజూ పుస్తకాలతో వెళ్తుంటాం. వందేళ్ల క్రితం ఈ పాత ఊరి వీధుల్లో ఆ కుర్రవాడూ పుస్తకాలతో నడిచాడు. చదువు మాత్రం పూర్తి కాలేదు. పరీక్షల మీదకంటే గుర్రపు స్వారీ, జ్యోతిషం, వైద్యం, యోగం మీద మనసు పోయింది. 1916లో ఉత్తరాది యాత్రకు వెళ్లి వచ్చారు. 1917లో విశాఖ మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరారు. ఏడేళ్ల తర్వాత ఆయన దేహం చేరింది కూడా ఆ ఊరికే.

మన్యంలో అప్పటి బతుకు

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాళ్ల బతుకు తలకిందులైంది. పోడు కొట్టకూడదు, కట్టె తేకూడదు, పశువుని అడవిలోకి తోలకూడదు. తాతల కాలం నుంచి తిండి పెట్టిన అడవిలో కాలు పెడితే నేరం అయింది. అంతకుముందు 1879లోనే రంప ప్రాంతంలో పెద్ద పితూరీ జరిగింది, దాన్ని సైన్యంతో అణిచారు. కాబట్టి సీతారామరాజు వచ్చేనాటికే మన్యానికి తుపాకీ కొత్త కాదు, దహనమైన ఊళ్లూ కొత్త కాదు.

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించారు. కొండవాళ్ల చేత రాళ్లు కొట్టించి, మట్టి మోయించి, రోజుకి ఆరణాలు ఇవ్వాల్సిన చోట రెండణాలు చేతిలో పెట్టేవారు. రాని వాణ్ని కొట్టి తెచ్చేవారు. మనలో కొందరి నాన్నలు మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, ఇంకొందరి అమ్మలు ఉపాధి పనికి వెళ్లేవాళ్లు. మస్టరులో ఒక అంకె, చేతిలో ఇంకో అంకె అంటే ఏమిటో ఇంట్లో విని పెరిగాం. అందుకే ఆ నాలుగణాల తేడా మనకి చిన్నగా కనిపించదు.

సీతారామరాజు వచ్చిన వెంటనే తుపాకీ పట్టలేదు. జ్వరాలకు మందు ఇచ్చారు, జాతకాలు చూశారు, తగవులు తీర్చారు. సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో కల్లు, సారా మానమని, కోర్టుల చుట్టూ తిరగకుండా పంచాయతీలో తేల్చుకోమని చెప్పారు. జనం విన్నారు. జనం ఒక మనిషి మాట వినడమే ప్రభుత్వానికి అనుమానం కలిగించింది. 1922 మొదట్లో ఆయన్ని నిఘాలో పెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లా ఖాన్ గారు మంచి మనసుతో మాట సాయం చేయడంతో ఆ నిఘా నుంచి బయటపడి మళ్లీ మన్యం వచ్చారు.

బాస్టియన్ చేతిలో నష్టపోయినవాళ్లలో గాం సోదరులు ఉన్నారు. అన్న గంటందొర బట్టిపనుకుల మునసబుగా చేసినవాడు. తమ్ముడు మల్లుదొర. ఈ ఇద్దరూ రామరాజుకి కుడి ఎడమ భుజాలయ్యారు. మొట్టడం వీరయ్యదొర, అగ్గిరాజు లాంటి వాళ్లు కలిశారు. విప్లవం ఒక్క మనిషితో రాలేదని మనం ఎప్పుడూ చెప్పుకోవాలి. స్టేజీ మీద ఒక్కడే నిలబడతాడు గాని, కొండ మీద వందల మంది నడిచారు.

పితూరీ

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళం చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో బంధించి ఉంచిన వీరయ్యదొరని విడిపించారు. స్టేషన్లో దొరికిన కానిస్టేబుళ్లను చంపలేదు.

ఈ దాడుల్లో ఒక విశేషం ఉంది. ఏమేం పట్టుకెళ్తున్నారో స్టేషన్ రికార్డులో రాసి, రామరాజు కింద సంతకం పెట్టారు. తర్వాత ఎక్కడికి వస్తున్నామో ముందే మిరపకాయ టపాలో తెలియజేశారని మన్యం అంతా చెప్పుకున్నారు. తాను చేసిన పనికి తానే కాగితం మీద జవాబుదారీగా నిలబడిన మనిషి ఆయన. ఈ సంతకాన్ని కూడా గుర్తుంచుకోండి.

సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు దళం కాల్పుల్లో చనిపోయారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన దొరల మీద గురిపెట్టారని ప్రతీతి. అక్టోబర్ 15న అడ్డతీగల, 19న రంపచోడవరం చేరారు. అక్కడ ఆయుధాలు ముందే దాచేశారు గాని, జనం మాత్రం హారతులు పట్టారు.

అప్పుడు మద్రాసు ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసులను దించింది. 1922 డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర జరిగిన పోరులో రామరాజు అనుచరులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. రామరాజు తలకి పదివేల రూపాయలు వెల కట్టారు. 1923 ఏప్రిల్‌లో ఆయన అన్నవరంలో కనిపించి వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మల్లుదొర దొరికిపోయాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాలు వచ్చాయి. స్పెషల్ కమిషనర్‌గా రూథర్‌ఫర్డ్ వచ్చాడు. బియ్యం ఇచ్చారన్న అనుమానం మీద ఊళ్లను వేధించారు. కొండ దిగనివ్వకుండా, కొండ మీదకి గింజ వెళ్లనివ్వకుండా దారులు కాశారు. తుపాకీ చేయలేని పని ఆకలి చేత చేయించాలని చూశారు.

మంప – కొయ్యూరు – కృష్ణదేవిపేట

1924 మే 6న జరిగిన కాల్పుల్లో అగ్గిరాజు గాయపడి దొరికాడు. మర్నాడు, మే 7 ఉదయం, మంప దగ్గర రామరాజు పట్టుబడ్డారు. పట్టుకున్న జమేదారు పేరు కుంచు మీనన్. అక్కడి నుంచి కొయ్యూరులో మకాం వేసిన మేజర్ గుడాల్ దగ్గరికి తీసుకెళ్లారు. కోర్టు లేదు, చార్జిషీటు లేదు, వకీలు లేడు. చెట్టుకు కట్టి కాల్చి చంపారు. పారిపోబోతుంటే కాల్చామని ప్రభుత్వం రాసుకుంది. అప్పటికి ఆయనకి 27 ఏళ్లు నిండలేదు.

దేహాన్ని ఒక మంచానికి కట్టి కొయ్యూరు నుంచి కృష్ణదేవిపేట తెచ్చారు. అక్కడ ఫొటో తీయించారు. మే 8న అంత్యక్రియలు జరిగాయి. ఫొటోగ్రాఫర్ కొడుకు చివరి ఫొటో అలా, మంచానికి కట్టిన దేహంగా, ప్రభుత్వం చేతుల్లో తయారైంది.

ఆ ఫొటో ఎందుకు తీశారో ఆలోచించాలి. చనిపోయింది రామరాజే అని పై అధికారులకు రుజువు కావాలి. ఆయన బతికి లేడని మన్యం జనం నమ్మాలి. రుజువు చేయడానికి ప్రభుత్వం దగ్గర దేహం ఉంది, ఫొటో ఉంది, రిపోర్టు ఉంది. అన్నీ ఉన్నా జనం చాలాకాలం నమ్మలేదు. రాజుగారు చనిపోలేదు, వేషం మార్చి వెళ్లిపోయారు, ఫలానా ఊళ్లో సాధువుగా ఉన్నారు అని దశాబ్దాల పాటు కథలు నడిచాయి. చదువులేనివాళ్ల మూఢనమ్మకం అని దీన్ని తీసిపారేయడం తేలిక. మేము అలా అనుకోవడం లేదు. చంపినవాడే పంచనామా రాస్తే, చంపినవాడే ఫొటో తీస్తే, చంపినవాడే కారణం చెబితే, వినేవాడు నమ్మకపోవడంలో న్యాయం ఉంది. పారిపోబోయాడన్న మాట అబద్ధమని అనుకున్నవాళ్లకి, చనిపోయాడన్న మాట మాత్రం నిజమని ఎందుకు అనిపించాలి? స్టేషన్ రికార్డులో నిజం రాసి సంతకం పెట్టింది తిరుగుబాటుదారు. కొయ్యూరులో ఏం జరిగిందో చెప్పే బాధ్యత ఉన్న ప్రభుత్వం ఒక్క సాక్షిని కూడా కోర్టు ముందు నిలబెట్టలేదు.

ఎముకలు చెప్పే మాట

మనం టీషర్టుల మీద చూసే చే గువేరా కథ దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. 1967 అక్టోబర్ 8న బొలీవియా సైన్యం ఆయన్ని పట్టుకుంది, మర్నాడు లా హిగేరా అనే ఊరి బడిలో విచారణ లేకుండా కాల్చి చంపింది. దేహాన్ని వయ్యెగ్రాండె ఊరికి తెచ్చి, ఆస్పత్రి చాకిరేవు గదిలో పడుకోబెట్టి ఫొటోలు తీయించింది. గుర్తింపు కోసం చేతులు నరికి తీసి, మిగిలిన దేహాన్ని రహస్యంగా పాతిపెట్టింది. ముప్ఫై ఏళ్లు ఎక్కడుందో లోకానికి తెలియలేదు. 1997లో క్యూబా, అర్జెంటీనా నిపుణులు అక్కడి విమానాశ్రయం రన్‌వే దగ్గర తవ్వితే ఏడు అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒకదానికి చేతులు లేవు. పళ్లు, ఎముకలు పోల్చి చూసి అది చే గువేరాదే అని తేల్చారు.

ఆ తవ్వకంలో పాల్గొన్న అర్జెంటీనా బృందం పుట్టుక మన లాంటి విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సైనిక పాలన నడిచింది. వేలమందిని ఇళ్ల నుంచి ఎత్తుకెళ్లి మాయం చేశారు. మానవ హక్కుల సంఘాల లెక్క ప్రకారం 30,000 మంది. పాలన మారాక పేరు లేని సమాధులను బుల్డోజర్లతో తవ్వేసరికి ఎముకలన్నీ కలగాపులగమై ఎవరివి ఎవరివో తెలియకుండా పోయాయి. అప్పుడు, 1984లో, అమెరికా నుంచి క్లైడ్ స్నో అనే ఎముకల నిపుణుడు వచ్చాడు. పేరున్న నిపుణులు ముందుకు రాని పనికి అక్కడి మానవశాస్త్రం, వైద్యం చదివే విద్యార్థులు కొందరు వచ్చారు. చేతుల్లో చిన్న తాపీలు, బ్రష్షులు. వాళ్లే తర్వాత ప్రపంచంలోని ఎన్నో దేశాల్లో ఈ పని చేసిన బృందమయ్యారు. 1985లో సైనిక నేతల మీద జరిగిన విచారణలో స్నో ఎముకల సాక్ష్యం కోర్టుకి వివరించాడు.

ఈ పని ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెబుతాం. ముందు ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడి, ఎక్కడ పాతిపెట్టారో జ్ఞాపకాలు సేకరిస్తారు. నేలని తాళ్లతో గళ్లు గళ్లుగా విడదీస్తారు. ఒక్కసారి తవ్విన మట్టి రంగు, బిగువు చుట్టూ ఉన్న మట్టి కంటే వేరుగా ఉంటుంది, అది చూసి గొయ్యి అంచు పట్టుకుంటారు. ఎముకని వెంటనే పైకి లాగరు. ఉన్నచోటే ఫొటో తీసి, కొలిచి, బొమ్మ గీస్తారు. బొత్తాం, పూస, తూటా ముక్క, ఏది దొరికినా దాని చోటు రాసుకుంటారు. కటి ఎముకని బట్టి ఆడా మగా, పళ్లని బట్టి వయసు, తొడ ఎముకని బట్టి ఎత్తు అంచనా వేస్తారు. తూటా పుర్రెలోకి దూరిన వైపు రంధ్రం లోపలికి వెడల్పవుతుంది, బయటికి వచ్చిన వైపు పైకి వెడల్పవుతుంది. వెనక నుంచి కాల్చారా, ఎదురుగా కాల్చారా అన్నది దాన్ని బట్టి తెలుస్తుంది. చివరికి పంటిలోంచి డీఎన్‌ఏ తీసి బంధువుల రక్తంతో పోలుస్తారు. పారిపోబోయాడు అనే మాటని ఇలా పరీక్షకు పెట్టవచ్చు.

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకోవద్దు. పంజాబులోని అజ్నాలాలో ఒక పాత బావి ఉంది. 1857 తిరుగుబాటు రోజుల్లో లాహోరు దగ్గర మియాన్ మీర్ నుంచి బయటపడిన 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలను అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ పట్టించాడు. ఆగస్టు 1న పది పది మంది చొప్పున కాల్చారు, ఇరుకు గదిలో కుక్కినవాళ్లు ఊపిరాడక చనిపోయారు. మొత్తం 282 మందిని బావిలో పడేశారు. కూపర్ ఈ సంగతి గొప్పగా పుస్తకంలో రాసుకున్నాడు. 2014లో స్థానికులు ఆ బావిని తవ్వారు. ఎముకలు బయటపడ్డాయి గాని, నిపుణులు లేకుండా తవ్వడం వల్ల చాలా విరిగిపోయాయి. ఇవి 1947 దేశ విభజన అల్లర్లలో చనిపోయినవాళ్లవి అని కొందరు వాదించారు. వాదన తేల్చింది మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, పంజాబ్ యూనివర్సిటీ తదితర సంస్థల పరిశోధకులు కలిసి. 50 నమూనాల డీఎన్‌ఏ, 85 నమూనాల్లో తిండి, నీటి జాడ చెప్పే ఐసోటోపులు పరీక్షించారు. చనిపోయినవాళ్లు పంజాబువాళ్లు కారని, గంగా మైదానం తూర్పు ప్రాంతం వాళ్లని 2022లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. బెంగాల్ రెజిమెంట్ సిపాయిలు ఎక్కడివాళ్లో పాత రికార్డులు చెప్పినదానికి ఇది సరిపోయింది. నూట అరవై ఏళ్లు దాటాక కూడా పన్ను అబద్ధం చెప్పలేదు.

మల్లుదొర బతికాడు

ఇప్పుడు మన్యానికి తిరిగి వద్దాం. రామరాజు తర్వాత నెలకి, 1924 జూన్ 7న, గంటందొర కూడా కాల్పుల్లో చనిపోయాడు. ఆ పితూరీ నాయకుల్లో ఒకడైన మల్లుదొర కోర్టుకి చేరాడు. విచారణ జరిగింది, శిక్ష పడింది, అండమాన్ జైలుకి పంపారు. శిక్ష అనుభవించి తిరిగి వచ్చాడు. స్వతంత్ర భారతంలో జరిగిన తొలి ఎన్నికల్లో, 1952లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఒక్క నిమిషం ఆగి ఈ సంగతి తలుచుకోండి. ఇద్దరూ ఒకే పోరాటంలో ఉన్నవాళ్లు. ఒకరిని చెట్టుకి కట్టి కాల్చారు, ఒకరిని బోనులో నిలబెట్టారు. బోనులో నిలబడినవాడు పార్లమెంటులో కూర్చున్నాడు. ఆనాటి కోర్టు కూడా దొరల కోర్టే, అక్కడ పూర్తి న్యాయం దొరికిందని ఎవరూ అనరు. అయినా విచారణ అనే ఒక్క మెట్టు ఉంటే మనిషి బతికే వీలుంది, తన మాట చెప్పుకునే వీలుంది. కొయ్యూరులో ఆ మెట్టు తీసేశారు. సీతారామరాజు బోనులో నిలబడి ఉంటే బాస్టియన్ ఎగ్గొట్టిన కూలీ గురించి, అటవీ చట్టం గురించి జడ్జీ ముందు ఏం చెప్పేవారో లోకానికి తెలిసేది. ఆ తూటా ఒక మనిషితోపాటు ఒక వాంగ్మూలాన్ని కూడా చంపింది.

కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి ఉంది. గాం సోదరుల సమాధులూ అక్కడే ఉన్నాయి. 1986లో ఆయన పేరున తపాలా బిళ్ల వచ్చింది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది జులై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. జిల్లా విభజన తర్వాత ఆయన పుట్టిన పాండ్రంగి విశాఖ జిల్లాలో, చంపిన కొయ్యూరు అల్లూరి జిల్లాలో, సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఒక్క జీవితం మూడు జిల్లాలకి పంచిపెట్టినట్టుంది.

ఇవన్నీ మంచివే. మరి పెద్దగడ్డపాలెంలో పడిపోయినవాళ్ల సంగతి? బియ్యం మోసి దెబ్బలు తిన్నవాళ్లు, దారి చూపించి జైలుకెళ్లి తిరిగి రానివాళ్లు, 1879 పితూరీలో ఊరు తగలబడితే అడవిలోనే కన్నుమూసినవాళ్లు? వాళ్లకి విగ్రహం లేదు, సమాధి లేదు. ప్రభుత్వం రిపోర్టులో వాళ్లు ఒక అంకె. ఆ అంకెలో ఉన్నది మన హాస్టల్లో చదివే చింతపల్లి, కొయ్యూరు, జి.కె.వీధి తమ్ముళ్ల ముత్తాతలు అయివుండవచ్చు.

మన పని

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పూర్వ విద్యార్థి సోదరులారా! అందరం తాపీలు పట్టుకుని కొండలు తవ్వమని మేము చెప్పడం లేదు. అనుమతి లేకుండా, చదువు లేకుండా తవ్వితే అజ్నాలాలో ఎముకలు విరిగినట్టే సాక్ష్యం విరిగిపోతుంది. తవ్వకం చట్టప్రకారం నిపుణులు చేసే పని. కాని తవ్వకానికి ముందు జరిగే పని ఒకటుంది. ఊరి జ్ఞాపకాన్ని రాసుకోవడం. ఆ పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, సెలవుల్లో పది రోజులు చాలు.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా మొదట చూసినవాళ్లం మేమే. మా అమ్మానాన్నలకి సంతకం రాదు, వేలిముద్రే. అలాంటి ఇళ్లలో ముసలివాళ్ల తలలోనే గ్రంథాలయం ఉంటుంది. ఏ వాగు దగ్గర ఎవర్ని పాతారు, ఏ చింతచెట్టు కింద ఎవరికి ఏటా నూనె దీపం పెడతారు, ఏ ఇంటిపేరువాళ్లు ఏ ఊరి నుంచి పారిపోయి వచ్చారు, ఇవన్నీ వాళ్లకి తెలుసు. వాళ్లు వెళ్లిపోతే ఆ గ్రంథాలయం తలుపు మూసుకుంటుంది. కాబట్టి ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అడగండి. పేరు, ఊరు, చెప్పినవారి వయసు, చెప్పిన తేదీ రాయండి. విన్నది విన్నట్టు రాయండి, సినిమాలో చూసింది కలపకండి. ఇద్దరు వేర్వేరుగా చెబితే రెండూ రాయండి. కింద సంతకం పెట్టండి. సీతారామరాజు స్టేషన్ రికార్డులో పెట్టినట్టు, మీరు రాసినదానికి మీరు జవాబుదారీగా నిలబడండి.

ప్రతి ఏడాది ఈ సంచికలో అలా సేకరించిన పేర్లకు రెండు పేజీలు కేటాయించాలని సంపాదకవర్గాన్ని కోరుతున్నాం. పూర్వ విద్యార్థుల్లో టీచర్లు, వీఆర్వోలు, కానిస్టేబుళ్లు, నర్సులు అయినవాళ్లు మన్యం ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్నారు. మా కంటే వాళ్లకే ఈ పని తేలిక. ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరు తీసుకున్నా పదేళ్లలో మన హాస్టల్ బీరువాలో ఎక్కడా లేని చరిత్ర తయారవుతుంది.

చనిపోయింది సీతారామరాజే అని నిరూపించడానికి ప్రభుత్వం ఒక ఫొటో తీసింది. ఆయన ఎందుకు బతికాడో చెప్పడానికి మన్యం వందేళ్లుగా పాటలు పాడుతోంది. ఆయన పక్కన నడిచినవాళ్ల పేర్లు రాయడానికి ఇప్పుడు మనకి అక్షరం వచ్చింది. ఆ అక్షరాన్ని వాళ్ల కోసం వాడదాం.

మన్యం వీరుడికి, పేరు తెలిసిన, పేరు తెలియని ఆయన సహచరులందరికీ మా జోహార్లు.